పరదేశమున పరిచర్య: పనివారికి యూనియను అండ

మంచము పట్టిన తల్లికి ముఖము కడిగి, దుస్తులు మార్చి, వేళకు గంజియు మందును అందించుట మన పల్లెలలో కోడలో కూతురో చేయు పని. ఇందుకు జీతమున్నదని ఎవరును తలపరు. బ్రిటను దేశమున ఇదియే లక్షలమందికి జీవనోపాధి. అచ్చట వృద్ధులు పలువురు ఒంటరిగా నివసింతురు. ఉదయము ఒకరు వచ్చి లేపి స్నానము చేయించి పోవుదురు. మధ్యాహ్నము మరొకరు వచ్చి భోజనము వేడిచేసి పెట్టుదురు. రాత్రి ఇంకొకరు వచ్చి పండుకొనబెట్టి దీపమార్పి పోవుదురు. నడువలేనివారును, మతిమరపు వ్యాధి సోకినవారును పరిచర్యాలయములలో నుందురు. అచ్చట పరిచారకులు వంతులవారీగా రాత్రింబవళ్లు పనిచేయుదురు.

ఈ పనికి శ్రమ మెండు, జీతము స్వల్పము. 2021-22లో ఒక్క ఇంగ్లండులోనే ఇట్టి ఉద్యోగములు 1,65,000 వరకు ఖాళీగా నుండెను. అందుచేత బ్రిటిషు ప్రభుత్వమువారు 2022 ఫిబ్రవరిలో విదేశీ పరిచారకులకు వీసా ద్వారమును తెరచిరి. భారతదేశము, నైజీరియా, జింబాబ్వేల నుండి జనము వెల్లువవలె పోయిరి. 2023 ఒక్క సంవత్సరములోనే ఆరోగ్య, పరిచర్య వృత్తులకు 1,40,000 కు పైగా వీసాలీయబడినవి. వానిలో ఎక్కువ భాగము పరిచారకులవే. మన తెలుగు జిల్లాల నుండియు నర్సింగు చదివిన యువతులు పోయిరి. పై చదువులకని వెళ్లి, చదువు ముగిసిన పిమ్మట ఈ పనిలో కుదిరిన యువకులును కలరు. నేడు మన గ్రామములలో ఇట్టి బిడ్డలు గల తల్లిదండ్రులున్నారు. వారి బిడ్డలకు కష్టము వచ్చినపుడు ఎవరు అండ నిలుతురు, యజమానిని దారికి తెచ్చు ఉపాయ మేమి యను విషయమును ఇచ్చట వివరింప దలచితిమి.

నోరు మెదపలేని స్థితి

ఒక యువతి సంగతి ఊహింపుడు. తండ్రి రెండెకరముల పొలము తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో లక్షల రూపాయలు పోసినాడు. వారమునకు 39 గంటల పని యున్నదని కాగితముపై వ్రాసియిచ్చిరి. ఆమె విమానము దిగి చూడగా పని యున్నది పదునైదు గంటలే. లేదా పని ఎడతెగకున్నను, జీతమునందు గదియద్దె యని, కారు ఖర్చని, శిక్షణ ఖర్చని కోతలు పడుచున్నవి. ఆమె ఏల ఎదురాడదు? ఇంగ్లీషు రాకకాదు, ధైర్యము లేకకాదు. ఆమె ఆ దేశమున నిలుచుటయే ఆ యజమాని చేతిలో నున్నది.

ఈ మెలికను చక్కగా గ్రహింపవలెను. బ్రిటనులో విదేశీ పరిచారకులను నియమింప దలచిన సంస్థ ప్రభుత్వము నుండి లైసెన్సు పొందవలెను. ఆ సంస్థయే పనివారికి స్పాన్సరు. అది యిచ్చు సర్టిఫికెట్టును, మనవారు ‘సి.ఓ.ఎస్.’ అని పిలుచుకొను దానిని, ఆధారము చేసికొనియే వీసా పుట్టును. ఉద్యోగము పోయినచో, లేదా ఆ సంస్థ లైసెన్సు రద్దయినచో, క్రొత్త స్పాన్సరును వెదకికొనుటకు పనివారికి సాధారణముగా 60 దినముల గడువే దొరకును. ఆలోపల దొరకనిచో పెట్టె సర్దుకొనవలసినదే. యజమాని తప్పుచేసి లైసెన్సు పోగొట్టుకొన్నను శిక్ష పడునది పనివానికే! దొంగను పట్టించిన వానికే సంకెళ్లు తగిలించినట్లున్నది ఈ ఏర్పాటు.

కావుననే అన్యాయము జరిగినను పనివారు ఫిర్యాదు చేయరు. ఊరిలో అప్పు పెరుగుచుండును. కంపెనీ మేనేజరుకు ఈ సంగతి తెలియును. ‘నీ వీసా మా చేతిలో నున్నది’ యని నోటితో అనినను అనకపోయినను పని జరుగును. పని వదలి పోదుమన్నచో కొన్ని సంస్థలు నియామకపు ఖర్చులు తిరిగి కట్టవలెనని వేల పౌనుల లెక్క చూపుచుండెను. నర్సుల సంఘమైన రాయల్ కాలేజి ఆఫ్ నర్సింగు ఈ ఒడంబడిక షరతులకు విరుద్ధముగా ఎంతో ఆందోళన సలిపినది.

ఒంటరిగా నున్నవాడు చేయలేని పనిని సంఘము చేయగలదు. ఫిర్యాదుపై పనివాని పేరుకు బదులు సంఘము పేరు నిలుచుటయే దాని మొదటి ఉపకారము.

యూనియను అనగా నేమి

యూనియను ఒక చందాదారుల సంఘము. పనివారు నెలనెలా చందా కట్టుదురు. చందా సాధారణముగా జీతమును బట్టి యుండును. బ్రిటనులో ప్రజాసేవా రంగమునకు పెద్ద యూనియను ‘యూనిసన్’. మూడు యూనియనులు కలసి 1993లో ఏర్పడిన ఈ సంఘమునకు 13 లక్షల మందికి మించి సభ్యులున్నారు. అందు పరిచారకులును వేలకొలది గలరు. సభ్యత్వమునకు పౌరసత్వముతో పని లేదు. వీసాపై వచ్చినవారును చేరవచ్చును. చేరుట వలన వీసాకు భంగము లేదు. చట్టబద్ధముగా జరుగు సమ్మెలో పాల్గొని జీతము లేకుండ పనికి పోని దినములను సయితము వీసా నిబంధనలు తప్పుగా లెక్కింపవు. ఈ సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. తెలియకుండుటయే కొందరు యజమానులకు లాభము.

మరొక హక్కు కలదు. 1999 నాటి చట్టము ప్రకారము యజమాని క్రమశిక్షణ విచారణకు పిలిచినపుడు, లేదా పనివాడు వ్రాసియిచ్చిన ఫిర్యాదును విచారించునపుడు, యూనియను ప్రతినిధిని వెంట తీసికొనిపోవచ్చును. ఆ సంస్థలో యూనియనుకు గుర్తింపు లేకున్నను ఈ హక్కు చెల్లును. గదిలో ఒకరికి ముగ్గురు ఎదురుగా కూర్చుండి ‘ఇచ్చట సంతకము పెట్టు’ మన్నపుడు ప్రక్కన తెలిసిన మనిషి ఒకరుండుట ఎంత బలమో, మన తాలూకా కచేరీలలో ఒంటరిగా నిలువబడిన రైతునకు చెప్పనక్కరలేదు.

అయితే విచారణ గదిలోని సాయము జబ్బు వచ్చిన తరువాత ఇచ్చు మందు వంటిది. యజమానులందరిని ముందుగానే కట్టుదిట్టము చేయవలెనన్నచో యూనియను మరియొక తలుపు తట్టవలసియున్నది.

జీత మిచ్చువాడు, సొమ్ము ఇచ్చువాడు

ఈ వ్యాసమునకు ముఖ్యమైన విషయ మిదియే. బ్రిటనులో పరిచారకునకు జీతమిచ్చునది చాలవరకు ప్రయివేటు కంపెనీ. కాని ఆ కంపెనీకి సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నది? తమకు తాము ఖర్చు పెట్టుకొనలేని వృద్ధుల పరిచర్య భారమును కౌన్సిలులను స్థానిక పాలక సంస్థలు వహించును. మన జిల్లా పరిషత్తువలె, పురపాలక సంఘమువలె ప్రజలెన్నుకొన్న సభ్యులు గల సంస్థలివి. కౌన్సిలు తానుగా పరిచారకులను పెట్టుకొనక, కంపెనీలకు కంట్రాక్టు నిచ్చును. తక్కువ రేటుకు ఒప్పుకొన్న కంపెనీకే కంట్రాక్టు. ఆ తక్కువను కంపెనీ ఎచ్చట సర్దుకొనును? పనివాని గంటలలో.

మన ఊరి రోడ్డు కంట్రాక్టరు కూలీలకు జీతమెగవేసినచో, కంట్రాక్టరుతో మాత్రమే వాదించుట చాలదు. రోడ్డుకు సొమ్ము మంజూరుచేసిన కచేరీని నిలదీయవలెను. పరిచర్య రంగమునందు యూనియనులు అనుసరించిన మార్గమిదియే. కంపెనీ నూరు ఇండ్ల గోడల వెనుక దాగియుండును. కౌన్సిలు దాగలేదు. దాని సమావేశములు బహిరంగములు. దాని సభ్యులు ఓట్లు అడుగుటకు మరల రావలసినవారు.

2012లో యూనిసన్ గృహపరిచారకుల స్థితిగతులను విచారించి ఒక నియమావళిని ప్రకటించినది. దానికి నైతిక పరిచర్యా ప్రకటన యని పేరుపెట్టవచ్చును. కౌన్సిలులు దీనిపై సంతకము చేసి, ఇకమీదట కంట్రాక్టు పొందగోరు కంపెనీలన్నియు ఈ నియమములకు కట్టుబడవలెనని షరతు పెట్టవలెనని కోరినది. అందలి నియమములు సామాన్యముగనే కనబడును. వృద్ధుని అవసరమును బట్టి సమయము కేటాయింపవలెను; పదునైదు నిమిషముల రాకపోకలు సాధారణ పద్ధతి కారాదు. (పదునైదు నిమిషములలో మన ఇండ్లలో తాతగారిని కూర్చుండబెట్టి చొక్కా తొడుగుటయే పూర్తికాదు.) ఒక ఇంటినుండి మరొక ఇంటికి పోవు సమయమునకు, ఆ బస్సు ఖర్చునకు కూలి ఇవ్వవలెను. ఒకే వృద్ధునకు వీలైనంతవరకు ఒకే పరిచారకుడు పోవలెను. ఇన్ని గంటల పని అని హామీయే లేని నియామకములను స్థిరమైన ఉద్యోగములకు బదులు వాడరాదు. జబ్బు పడినచో జీతము కోయరాదు. బ్రతుకుటకు చాలిన కూలి రేటు నీయవలెను.

లండనులోని సదర్కు, ఇస్లింగ్టను కౌన్సిలులు తొలుత సంతకము చేసినవానిలో నుండెను. తరువాత ఇంకను అనేక కౌన్సిలులు చేరినవి. ఈ నియమావళి వీసాపై వచ్చినవారి కొరకు వ్రాయబడినది కాదు. అయినను దీనివలన ఎక్కువ మేలు పొందువారు వారే. ఏలనన, నోరెత్తలేని వానికి మేలు చేయవలెనన్నచో వాడు నోరెత్త నక్కరలేని ఏర్పాటు కావలెను. కంట్రాక్టులోనే షరతు వ్రాసియున్నచో, తప్పినపుడు ప్రశ్నించు బాధ్యత కౌన్సిలుది. పనివాని పేరు బయటికి రాదు.

సంతకము చేసినంతమాత్రమున అంతయు చక్కబడునని ఎవరును భ్రమపడరాదు. కౌన్సిలుల బొక్కసములు సన్నగిల్లిన సంవత్సరములివి. సంతకము గోడకు వ్రేలాడుచుండ, రేటు పెరగక, తనిఖీ జరుగక పోవుటయు కలదు. ఊరి యూనియను శాఖవారు ఏటేట పోయి ‘మీరు వ్రాసినది అమలు జరుగుచున్నదా, లెక్కలు చూపుడు’ అని అడుగుచున్నచోటనే ఫలితము కనబడును.

దారిలో పోయిన గంటలు

కోర్టుల సంగతి చెప్పవలెను. ముందుగా ఒక ద్వారము తెరచుకొనుట అవసరమయ్యెను. 2013లో బ్రిటిషు ప్రభుత్వము ఉద్యోగ వివాదముల ట్రిబ్యునలుకు పోవుటకు రుసుము విధించినది. కొన్ని వ్యాజ్యములలో అది మొత్తము 1,200 పౌనుల దాక అయ్యెడిది. దానితో వ్యాజ్యములు మూడింట రెండు వంతుల మేరకు తగ్గిపోయినవి. నాలుగువందల పౌనుల జీతబాకీ కొరకు దాదాపు అంతే రుసుము కట్టువా డెవడు? యూనిసన్ ఈ రుసుముపై నాలుగేండ్లు పోరాడి, 2017 జూలై 26న సుప్రీంకోర్టు తీర్పు సంపాదించినది. న్యాయస్థానమును చేరు హక్కును హరించు ఈ రుసుము చట్టవిరుద్ధమని కోర్టు నిర్ణయించినది. రుసుము రద్దయినది, కట్టినవారికి తిరిగి ఇయ్యబడినది. ఈ తీర్పు ఫలము యూనియనులో లేనివారికిని దక్కినది.

ట్రిబ్యునలుకు పోయిన వ్యాజ్యములలో ఒకటి వివరముగా తెలియదగినది. ఉత్తర లండనులోని హారింగే కౌన్సిలు కొన్ని ప్రయివేటు కంపెనీల ద్వారా గృహపరిచర్య జరిపించుచుండెను. పరిచారికలు ఉదయము ఇల్లు వెడలి రాత్రికిగాని తిరిగి చేరరు. అయినను కూలి వృద్ధుని ఇంట నున్న నిమిషములకే. ఒక ఇంటినుండి మరొక ఇంటికి బస్సుపై పోవు కాలము, ముందుగా చేరి గుమ్మముకడ వేచియుండు కాలము లెక్కలోనికి రావు. మొత్తము కాలముతో కూలిని భాగించి చూడగా చట్టము విధించిన కనీస వేతనములో సగము సయితము పడుట లేదని తేలినది. పదిమంది పనివారు యూనిసన్ సాయముతో వ్యాజ్యము వేసిరి. దాదాపు నాలుగేండ్లు సాగినది. 2020 సెప్టెంబరులో ట్రిబ్యునలు వారి పక్షమున తీర్పునిచ్చి, ప్రయాణ కాలమును, ఇంటికి ఇంటికి నడుమ ఒక గంట వరకు వేచియుండు కాలమును పనికాలముగనే లెక్కింపవలెనని చెప్పినది. ఆ పదిమందికి మొత్తము లక్ష పౌనులకు పైగా, అనగా తలకు సుమారు పదివేల పౌనులు వచ్చినవి.

ఇందు గమనింపదగిన దేమనగా, ఇట్టి వ్యాజ్యములలో లెక్క చాల ముఖ్యము. ఏ దినమున ఏ ఇంటికి ఎన్ని గంటలకు పోయిరో, ఎప్పుడు బయలుదేరిరో ఆ లెక్క పనివారివద్ద నుండవలెను. పాలు పోయించుకొను ఇల్లాలు గోడపై గీతలు గీసికొనును. ఆపాటి జాగ్రత్త లేక ఎందరో తమ న్యాయమైన సొమ్మును పోగొట్టుకొనుచున్నారు.

అన్నిటను గెలుపే యని చెప్పుట సత్యము కాదు. వృద్ధుల ఇంట, రోగుల ఇంట రాత్రి నిద్రించుచు పిలిచినపుడు లేచి పనిచేయువారికి ఆ రాత్రి గంటలన్నిటికిని కనీస వేతన మీయవలెనని యూనిసన్ సాగించిన వ్యాజ్యము 2021 మార్చిలో సుప్రీంకోర్టునందు ఓడిపోయినది. మేలుకొని పనిచేసిన కాలమునకే ఆ హక్కు వర్తించునని తీర్పు. అదే సంవత్సరము జూన్ 24న జర్మనీ దేశపు అత్యున్నత కార్మిక న్యాయస్థానము వేరు విధముగా చెప్పినది. బల్గేరియా నుండి వచ్చి బెర్లినులో తొంబదేండ్లు దాటిన ఒక వృద్ధురాలి ఇంట ఉండి పరిచర్య చేసిన స్త్రీ వేసిన వ్యాజ్యమది. ఒప్పందములో వారమునకు 30 గంటలని వ్రాసిరి. నిజమునకు ఇరువదినాలుగు గంటలును పిలుపునకు సిద్ధముగా నుండవలసివచ్చెను. పిలుపునకై కాచుకొనియున్న కాలమునకును కనీస వేతనము చెల్లునని ఆ కోర్టు తేల్చినది. అచ్చటి కార్మిక సంఘముల సమాఖ్య నడుపు సలహా కేంద్రమును, ‘వెర్.డి’ యూనియనును ఆమెకు అండగా నిలిచినవి. ఒకే పని, ఒకే నిద్రలేమి. దేశము మారిన న్యాయమును మారినది. మన బిడ్డలు పోవు దేశపు చట్టమేదో తెలిసికొని పోవలెనని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మేల?

తెగిన దారము

యూనియనుల శక్తికి ఒక హద్దున్నది. పనియే ఈయని కంపెనీని పనికాలము గూర్చి ఏమని నిలదీయుట? 2022 తరువాత కొన్ని సంస్థలు వృద్ధులెవరును లేకయే లైసెన్సు తెచ్చుకొని, సర్టిఫికెట్లమ్ముకొని బాగుపడినవి. బ్రిటిషు ప్రభుత్వమువారు 2022 జూలై మొదలు 2024 డిసెంబరు వరకు పరిచర్య రంగమున 470కి పైగా సంస్థల లైసెన్సులు రద్దుచేసిరి. ఆ సంస్థలతో 2020 అక్టోబరు నుండి సంబంధము గల పనివారు 39,000 మందికి మించిరని వారే ప్రకటించిరి. వీరికి చేసిన అపరాధ మేమియు లేదు.

తుదకు 2025 ఏప్రిల్ 9 నుండి ఒక నిబంధన వచ్చినది. ఇంగ్లండులోని పరిచర్య సంస్థ విదేశము నుండి క్రొత్తవారిని పిలుచుటకు ముందు, స్పాన్సరును కోల్పోయి దేశములోనే యున్న వారిని తీసికొనుటకు ప్రయత్నించితినని ఋజువు చూపవలసియుండెను. మంచి నిబంధనయే. కాని యూనియనులు కోరునది ఇంతకంటె పెద్దది. వీసాను ఒక యజమానికి కట్టివేయక, పరిచర్య రంగమంతటికిని వర్తింపజేయవలెనని వారి వాదము. అట్లయినచో పరిచారకుడు ఒక కంపెనీని వదలి మరొక కంపెనీలో చేరగలడు. చేరగలడన్న సంగతియే చెడ్డ యజమానిని అదుపులో నుంచును. కనీస వేతనమునకై ఎన్ని తనిఖీలు పెట్టినను, ఈ దారము తెగనంతవరకు పనివాని భయము పోదని మేమును భావింతుము. నేటికిని ఆ దారము తెగలేదు.

2025 డిసెంబరులో ఆమోదము పొందిన ఉద్యోగ హక్కుల చట్టము వలన మరొక ఆశ కలిగినది. ఇంగ్లండులో పరిచర్య రంగమునకు యూనియనుల ప్రతినిధులును, యజమానుల ప్రతినిధులును కలసి కూర్చుండి జీతభత్యములు నిర్ణయించు మండలి యొకటి ఏర్పడుటకు ఇది వీలు కల్పించినది. 2028లో తొలి ఒప్పందమును అమలుపరుపవలెనని సంకల్పము. కంపెనీ కంపెనీతో వేరువేరుగా పోరాడుటకు బదులు రంగమంతటికి ఒకే రేటు నిర్ణయమైనచో, తక్కువ రేటుకు కంట్రాక్టు కొట్టుకొని పోవు వ్యాపారమునకు అడ్డుకట్ట పడును.

కౌన్సిలు లేనిచోట

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు పోయి అరబ్బుల ఇండ్లలో పిల్లలను, వృద్ధులను చూచు మన స్త్రీల సంగతి ఏమి? వారు చేయునదియు పరిచర్యయే. కాని అచ్చట యజమాని ఒక కుటుంబము. సొమ్మిచ్చు కౌన్సిలు లేదు. ఇంటి పనివారు తమకు తాము యూనియను పెట్టుకొను హక్కును చట్టము ఈయలేదు. 2015లో కువైట్ ప్రభుత్వము ఇంటిపనివారికై ఒక చట్టము చేసినది. దినమునకు 12 గంటలకు మించిన పని కూడదు, వారమునకొక సెలవుదినము, ఏటేట జీతముతో కూడిన సెలవు, పాస్‌పోర్టును యజమాని దాచరాదు అని అందు గలదు. 2016లో నెలకు 60 దినారుల కనీస జీతము నిర్ణయింపబడినది. చట్టమున్నది; గోడ దాటి లోనికి పోయి చూచు సంఘము లేదు. అదియే తేడా.

ఈ లోటు తీర్చుటకు ప్రపంచ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఇంటిపనివారికి 189వ సంఖ్యగల ఒడంబడికను ఆమోదించినది. ఇంటిపనివారి సంఘములు 2013లో అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడి ఆయా దేశములు దీనిని ఆమోదింపవలెనని కృషి చేయుచున్నవి. బ్రిటను గాని మనదేశము గాని ఇంకను దీనిని ఆమోదింపలేదు.

మన దేశమునుండి కువైట్ వంటి దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీలకు 30 ఏండ్లు నిండియుండవలెనని, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవలెనని కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అట్టి సంస్థలు. చాటుమాటుగా సందర్శకుల వీసాపై పంపు ఏజెంటును నమ్మి పోయినవారికి ఆపద వచ్చినపుడు వారి పేరే లెక్కలలో కనబడదు.

ఇంటివారు తెలిసికొనవలసిన సంగతులు

బ్రిటనుకు పరిచారకులుగా క్రొత్తవారిని విదేశము నుండి తీసికొనుట 2025 జూలై 22న నిలిపివేయబడినది. కావున ఇపుడు ఎవరైనను ‘లండనులో కేర్ వర్కరు ఉద్యోగమిప్పింతును, ఇన్ని లక్షలిండు’ అని వచ్చినచో అది మోసము. ఒక్క రూపాయి సయితము ఈయరాదు. నర్సుల ఉద్యోగములు వేరు. వానికి ఆ దేశపు నర్సింగు మండలిలో నమోదు కావలెను. ఉద్యోగము చూపినందుకు పనివానివద్ద సొమ్ము తీసికొనుట బ్రిటనులో 1973 నాటి చట్టము ప్రకారమే నిషిద్ధము. స్పాన్సరు లైసెన్సు ఖర్చును, 2024 డిసెంబరు 31 నుండి ఇచ్చిన సర్టిఫికెట్టు ఖర్చును పనివాని నెత్తిన రుద్దరాదని అచ్చటి ప్రభుత్వపు ఆజ్ఞ. అట్టి సొమ్ము కట్టినవారు ఆ రసీదును, బ్యాంకు కాగితమును, ఏజెంటు పంపిన సందేశములను పదిలపరచి బిడ్డలకు పంపవలెను. అవి పల్లెలోనే యుండిపోవుట వలన అచ్చట ఫిర్యాదు నిలువకపోవచ్చును.

ఇప్పటికే అచ్చట నున్నవారు వివాదము పుట్టకముందే యూనియనులో చేరవలెను. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వబోయినట్లు, ఉద్యోగము పోవునన్న నోటీసు చేతికి వచ్చిన తరువాత చేరినవారికి న్యాయ సహాయము సాధారణముగా దొరకదు. చేరి కొన్ని వారములు గడచినగాని ఆ హక్కు రాదు. ట్రిబ్యునలుకు పోవు గడువు ఏండ్లలో కాదు, నెలలలో లెక్కింపబడును; ఊరికి వచ్చి పెద్దలతో ఆలోచించి నిర్ణయించుకొందు మనునంతలో అది దాటిపోవును. ప్రతిదినము ఏ ఇంట ఎంతసేపు, దారిలో ఎంతసేపు అన్న లెక్కను సొంత పుస్తకములో వ్రాసికొనవలెను. కంపెనీ ఫోనులో మాత్రమే యున్న లెక్క ఉద్యోగముతోపాటే పోవును.

అచ్చటనే యున్న పరిచారకులు ఒక స్పాన్సరును వదలి మరొకరి వద్దకు మారుటకు 2028 జూలై వరకు వీలున్నది. లైసెన్సు గల సంస్థల జాబితాను బ్రిటిషు ప్రభుత్వమువారు బహిరంగముగా ప్రకటించుచున్నారు. క్రొత్త సంస్థలో చేరుటకు ముందు దాని పేరు ఆ జాబితాలో నేటికిని ఉన్నదో లేదో ఎవరికి వారే చూచుకొనవచ్చును; ఇందుకు ఏజెంటుతో పని లేదు, రుసుము లేదు.